ప్రతినాయకుని దక్షత

సంధ్యాదీపం వెలిగించిన తరువాత పామర్రు, ఉయ్యూరు, గుడివాడ ప్రాంతాల ఇండ్లలో ఈ మధ్య ఒక వాగ్వాదం తరచు వినవస్తున్నది. మనుమడు ఫోనులో జపాను దేశపు యానిమే చూస్తూ అందులోని రాక్షసాధిపతిని తెగ మెచ్చుకుంటాడు. అతని బొమ్మ గల చొక్కా కొనిపెట్టమంటాడు. "రాముడి బొమ్మ ఉండగా, హనుమంతుడి బొమ్మ ఉండగా, ఆ రాక్షసుడెందుకురా నాయనా?" అని నాయనమ్మ బాధ. "వాడు మామూలు విలన్ కాదు నాయనమ్మా, చాలా తెలివైనవాడు" అని మనుమని సమాధానం. ఆ సమాధానంతో ఆమె బాధ ద్విగుణీకృతమవుతుంది. తెలివైన రాక్షసుడంటే మరింత ప్రమాదం కదా!

ఆమె భయం నిరాధారం కాదు. అయితే ఆ బాలుని రసదృష్టి కూడ తప్పు కాదు. పైగా అది ఈ నేలకు కొత్తది అసలే కాదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాలు కృష్ణా తీరమంతటా రాత్రులు తెల్లవార్లు ఆడిన కాలంలో, దుర్యోధన పాత్రధారి పద్యం అందుకొని రాగం సాగదీస్తే "వన్స్‌మోర్" అని కేకలు వేసినవారు ఈ నాయనమ్మల తండ్రులూ తాతలే. అర్ధరాత్రి వేళ సుయోధనునికి కరతాళధ్వనులు చేసినవారు తెల్లవారి ఇంటికి కౌరవులై వెళ్ళలేదు. కృష్ణునికి దండం పెట్టుకొనే పొలానికి వెళ్ళారు.

పామర్రు మండలంలోనిదే నిమ్మకూరు. 1923 మే 28న అక్కడ జన్మించిన నందమూరి తారక రామారావును తెలుగువారు రామునిగా, కృష్ణునిగా పూజాభావంతో చూశారు. కాని ఆయనకు రావణ దుర్యోధనులపై గల మక్కువ లోకవిదితం. 1958లో వచ్చిన 'భూకైలాస్'లో ఆయన రావణుడు, అక్కినేని నాగేశ్వరరావు నారదుడు. లంకాధిపతి నిమ్మకూరు నుండి, దేవర్షి గుడివాడ వైపు రామాపురం నుండి వచ్చినారన్నమాట. లంకకూ స్వర్గానికీ మధ్య దూరం ఒక్క బస్సు ప్రయాణం! 1961లో 'సీతారామ కళ్యాణం'లో మరల రావణుడు. ఇక్కడ ముఖ్యంగా గమనింపదగినది మరొకటున్నది. 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో కృష్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. 1978లో 'శ్రీరామ పట్టాభిషేకం'లో రాముడూ రావణుడూ ఆయనే. అదే ముఖం, అదే కంఠం, అదే ఆజానుబాహు విగ్రహం. దైవీసంపదకూ ఆసురీసంపదకూ మధ్య భేదం రూపంలో లేదు, బలంలో లేదు, వాక్పటిమలో అంతకన్నా లేదు అని గీత పదునారవ అధ్యాయాన్ని వ్యాఖ్యానించే పండితుడు గంటసేపు చెప్పవలసిన విషయం ఆ ద్విపాత్రాభినయంలో కంటికే కనబడింది.

మరి ప్రతినాయకునికి దక్షత ఎందుకు? ఆలంకారికులు ఈ ప్రశ్నను వెయ్యేండ్లకు పూర్వమే చర్చించారు. కావ్యాదర్శంలో దండి రెండు మార్గాలు చూపాడు. నాయకుని గుణాలను ముందు వర్ణించి, ఆ గుణాలతోనే అతడు శత్రువును గెలిచినట్లు చెప్పడం ఒకటి. అది సహజసుందరమైన మార్గమన్నాడు. శత్రువు యొక్క వంశాన్ని, వీర్యాన్ని, శ్రుతాన్ని కూడ చక్కగా వర్ణించి, అట్టివానిని జయించడం చేత నాయకుని ఉత్కర్ష తెలియజేయడం రెండవది. అది కూడ తమకు ప్రీతికరమే అన్నాడు. వంశం, వీర్యం, శ్రుతం అనే ఈ మూడు మాటలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముఖ్యంగా మూడవది.

దశరూపకకర్త ధనంజయుడు ప్రతినాయకుని లక్షణం చెబుతూ అతడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకారి, వ్యసని అని నిర్దేశించాడు. ధనికుని వ్యాఖ్యలో దీనికి ఉదాహరణలు రావణ దుర్యోధనులే. ఈ జాబితాలో మూఢుడు అనే మాట లేదు. ధీరోద్ధతుడు అన్న పదాన్ని విడదీసి చూస్తే శాస్త్రకారుని సూక్ష్మత తెలుస్తుంది. నాయకభేదాలు నాలుగింటికీ 'ధీర' శబ్దం ముందున్నట్లే ఇతనికీ ఉన్నది. ధైర్యం, స్థైర్యం, కార్యనిర్వహణ సామర్థ్యం ఆ శబ్దంలో ఇమిడి ఉన్నాయి. దోషమంతా 'ఉద్ధత'లో ఉన్నది. దూరదర్శన ధారావాహికలలో కిరీటం పెట్టుకొని కారణం లేకుండ అట్టహాసం చేసే అసురులు ఈ లక్షణానికి ఏ విధంగానూ సరిపోరు. వారిని ఓడించడానికి భగవంతుడు అవతరించనక్కరలేదు, ఊరి మునసబు చాలు.

దక్షత గల శత్రువు ఎట్లుంటాడో చూపడంలో వాల్మీకికి సాటి లేదు. సుందరకాండనే తీసుకొందాం. వీడియో గేములు ఆడే యువకులకు అందులోని యుద్ధక్రమం వెంటనే పరిచితంగా తోస్తుంది. మొదట ఎనుబది వేల మంది కింకరులు, తరువాత జంబుమాలి, తరువాత ఏడుగురు మంత్రిపుత్రులు, తరువాత ఐదుగురు సేనాపతులు, తరువాత అక్షకుమారుడు, చివరకు ఇంద్రజిత్తు. ఒక్కొక్క అంచె దాటితే మరింత బలవంతుడు. గేములపై తరచు వచ్చే ఆక్షేపణ ఇక్కడా వర్తిస్తుంది: ఇంద్రజిత్తునే మొదట పంపితే సరిపోయేది కదా, శత్రువు బలపడే వరకు బలహీనులను ఒకరి తరువాత ఒకరిని బలి ఇవ్వడం అవివేకం కాదా?

వాల్మీకి రావణుడు అవివేకి కాడు. ఒక కోతి తోట పాడుచేస్తున్నదని విన్నప్పుడు యువరాజును పంపే రాజు ఉండడు. కింకరులూ జంబుమాలీ మంత్రిపుత్రులూ హతులైన తరువాత, సేనాపతులను పంపే సమయానికి రావణుని మాట మారుతుంది. చేసిన పనిని బట్టి చూస్తే ఇది కోతి అని తాను భావించడం లేదంటాడు. వాలిని, సుగ్రీవుని, జాంబవంతుని, నీలుని తాను ఎరుగుదునని, వారెవరికీ ఇట్టి గతి, ఇట్టి తేజస్సు లేవని, తేలికగా తీసుకొనవద్దని హెచ్చరిస్తాడు. ఇంద్రజిత్తుతో మాట్లాడే వేళకు ఇంకా స్పష్టత వస్తుంది; సేనలు అతనిపై పనిచేయవని, దివ్యాస్త్రబలాన్ని స్మరించి వెళ్ళమని చెబుతాడు. అంటే ప్రతి పరాజయం నుండి అతడొక విషయం నేర్చుకొన్నాడు. అంచెలంచెల యుద్ధం ఇక్కడ కవి సౌకర్యం కోసం వచ్చినది కాదు. శత్రువు బుద్ధి మేల్కొంటున్న క్రమం అది. గేము రూపకర్తలలో ఈ రహస్యం గ్రహించినవారు కొద్దిమందే.

ఆ వెంటనే మరొక అద్భుత ఘట్టమున్నది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రంతో హనుమను బంధించాడు. అది మంత్రశాస్త్రంలో పరాకాష్ఠ. పరుగెత్తుకొని వచ్చిన రాక్షసులు ఉత్సాహం కొద్దీ హనుమను జనపనార త్రాళ్ళతో కూడ కట్టారు. అస్త్రబంధం ఇంకొక బంధాన్ని సహించదు. త్రాడు పడగానే అది విడిపోయింది. ఆ సంగతి అక్కడున్నవారిలో గ్రహించినవాడు ఇంద్రజిత్తు ఒక్కడే. మంత్రగతి తెలియని ఈ రాక్షసుల చేత ఎంత పని వ్యర్థమైపోయిందని లోలోపల చింతించాడు. విద్య తెలిసినవానికి విద్య తెలియని సహాయకుల వలన కలిగే ఈ దుఃఖం, ఏ కార్యాలయంలోనైనా, ఏ యజ్ఞశాలలోనైనా పనిచేసినవారందరికీ అనుభవమే. ఒక్క క్షణం పాఠకుని మనస్సు ఇంద్రజిత్తు వైపు మొగ్గుతుంది. వాల్మీకి దానిని ఆపలేదు. హనుమ రావణసభలో ప్రవేశించి ఆ రాక్షసేంద్రుని చూచినపుడు కూడ, ఆ రూపానికి, ధైర్యానికి, కాంతికి ఆశ్చర్యపడి, అధర్మమే లేకపోతే ఇతడు ఇంద్రునితో కూడిన దేవలోకానికే రక్షకుడు కాదగినవాడని తలపోస్తాడు. రామదూత మెచ్చుకొన్నవానిని బాలుడు మెచ్చుకొంటే దోషమేమిటి? హనుమ మెప్పులో ఒక 'అయితే' ఉన్నది. బాలునికి నేర్పవలసినది ఆ ఒక్క అక్షరసముదాయమే.

పామర్రుకు సమీపంలోనే కూచిపూడి. అక్కడి యక్షగాన సంప్రదాయంలో ప్రహ్లాద నాటకం ప్రసిద్ధం. ఇద్దరు తెర పట్టుకోగా, దాని వెనుక నుండి హిరణ్యకశిపుడు ప్రవేశదరువుతో రంగస్థలానికి వస్తాడు. ఆ గౌరవం నాయకపాత్రలకెంతో ప్రతినాయకునికీ అంతే. తన ప్రతాపాన్ని తానే అడుగులతో ప్రకటించుకొన్న తరువాతనే కథ నడుస్తుంది. నూజివీడులో పుట్టిన ఎస్. వి. రంగారావు 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ఆ పాత్రను ధరించినపుడు, కుమారుని చూచి కరగబోయి కరగని తండ్రి ముఖం తెలుగువారు మరచిపోలేదు. 2025 జూలైలో విడుదలైన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రాన్ని చూడడానికి పిల్లలు తాతయ్యలను వెంటబెట్టుకొని వెళ్ళడం వెనుక కూడ హిరణ్యకశిపుని మహత్త్వం కొంత ఉన్నది. శత్రువు అంతటివాడు కానినాడు స్తంభం చీలవలసిన అవసరమేమున్నది?

భాగవత సప్తమస్కంధం అతని దక్షతను అతి జాగ్రత్తగా వర్ణించింది. మందరగిరి లోయలో బొటనవ్రేలిపై నిలబడి, చేతులు పైకెత్తి తపస్సు చేశాడు. వరం కోరే వేళ సమర్థుడైన న్యాయవాది దస్తావేజు రాయించినట్లు ఒక్కొక్క సందు మూయించాడు. లోపల గాని వెలుపల గాని, పగలు గాని రాత్రి గాని, నేల మీద గాని నింగిలో గాని, నరుని చేత గాని మృగం చేత గాని, ఆయుధం చేత గాని మరణం కూడదన్నాడు. రావణుడు మనుష్యులను తృణప్రాయంగా భావించి వదిలివేశాడు. ఇతడు ఎవరినీ వదలలేదు. ఇతని పాలనలో భూమి దున్నకుండనే పండిందని, వృక్షాలు అన్ని ఋతువులలోను ఫలించాయని, లోకపాలుర పనులన్నీ తానే నిర్వహించాడని కూడ భాగవతం చెబుతుంది. డెల్టా రైతులు నవ్వుకొందురు గాక, కాలువ నీటి కోసం కావలి కాసే బాధ లేని రాజ్యమది! వెంటనే ఒక్క మాట చేర్చింది: ఇంద్రియాలను జయించనివాడు గనుక అతనికి తృప్తి కలగలేదు.

అతని వరంలో తార్కికంగా లోపం వెదకేవారున్నారు. సంధ్యను మరచాడని, గడపను మరచాడని, నఖాలను మరచాడని. నిజానికి అతని గణన లోకదృష్టిలో సమగ్రమే. లోకంలో పగలూ రాత్రీ, లోపలా వెలుపలా తప్ప మూడవది వ్యవహారంలో లేదు. అతడు ద్వంద్వాలన్నిటినీ లెక్కించాడు. ద్వంద్వాతీతమైన తత్త్వం ఒకటి ఉన్నదని, కన్నకొడుకు రోజూ ఎదుట నిలిచి చెబుతున్నా చెవిని బెట్టలేదు. ఎంతటి బుద్ధిశాలికైనా తన బుద్ధి గీసిన చతురస్రమే విశ్వమని తోచడం ఆసురీప్రకృతి యొక్క మొదటి లక్షణం.

ఇప్పుడు నాయనమ్మ మనుమని ఫోను వైపు చూడవచ్చును. 'డీమన్ స్లేయర్'లో ముజాన్ అనే రాక్షసాధిపతి వెయ్యేండ్లుగా మృత్యువును తప్పించుకొని, సూర్యకాంతిని కూడ జయించాలని ఒక నీలపుష్పం కోసం వెదకుతుంటాడు. మార్గం వేరైనా కోరిక హిరణ్యకశిపునిదే. కాని దక్షతలో ఇతడు తక్కువవాడు. తన సేవకులైన కింది శ్రేణి రాక్షసులు ఓడిపోతున్నారని కోపించి, ఒక్కనిని తప్ప మిగిలినవారిని తానే సంహరిస్తాడు. వారి మనసులోని మాట విని కూడ వారు చెప్పేది వినడు. రావణుడు అక్షకుమారుని మరణవార్త విని కోపం దిగమింగి, మనస్సును సమాధానపరచుకొని ఇంద్రజిత్తుకు ఉపదేశం చేసిన తీరుతో పోల్చి చూడండి. భయం చేత నడిచే రాజ్యం ఎంత బలమైనదైనా అందులో ఎవరూ రాజుకు నిజం చెప్పరు.

'డెత్ నోట్'లోని యాగామి లైట్ మరింత సూక్ష్మమైన ఉదాహరణ. అతడు రాక్షసుడు కాడు, చదువులో అగ్రగణ్యుడైన విద్యార్థి. పేరు రాస్తే ప్రాణం పోయే పుస్తకం చేతికి దొరికింది. నేరస్థులను చంపి నూతనలోకాన్ని నిర్మించి దానికి దైవం కావాలనుకొన్నాడు. శత్రువులను సంహరించాను, ఇంకా సంహరిస్తాను, నేనే ఈశ్వరుడను అనే ఆసురీభావం గీతలో ఎట్లు వర్ణితమైనదో చదివినవారికి ఇతడు చిరపరిచితుడు. అతని పతనం ఎక్కడ మొదలైనది? దూరదర్శనంలో ఒకడు తనను దుష్టుడని నిందించగానే, ఆగలేక అతని పేరు రాశాడు. అది పన్నిన వల. ఆ ప్రసారం ఒక్క ప్రాంతానికే పరిమితమని అతనికి తెలియదు. తానుండే చోటు తానే చెప్పుకొన్నట్లయినది. మయసభలో కాలుజారిన అవమానం సుయోధనుని ఎటు నడిపించిందో తెలిసిన తెలుగువానికి ఇందులో వింతేమీ లేదు. బుద్ధి ఎంత పదునైనదైనా దాని పిడి అహంకారం చేతిలో ఉన్నది.

గేముల విషయంలో ఒక విశేషమున్నది. కావ్యంలో శత్రుపరాక్రమాన్ని కవి వర్ణిస్తే వింటాము; గేములో ఆ పరాక్రమం ఆడేవాని చేతికే తగులుతుంది. 2019లో వచ్చిన 'సెకిరో'లో కథారంభంలోనే గెనిచిరో అనే ప్రతియోధుడు నాయకుని ఎడమ చేయి నరికివేస్తాడు. ఆడేవాడు ఎంత నేర్పరి అయినా ఆ చేయి దక్కదు. తరువాత కోట పైన మరల అతడే ఎదురవుతాడు. పదిసార్లు, ఇరవైసార్లు ఓడిన తరువాత ఆ కత్తివేటు లయ తెలుస్తుంది. గెలుపు వచ్చేది అభ్యాసం చేత. శత్రువు గురువైనాడు. ఇది దండి చెప్పిన రెండవ మార్గానికి నూతనోదాహరణ. ఇందుకు భిన్నంగా, గెలవగల సమయంలో ఉపన్యాసాలిచ్చి నాయకుని వదిలిపెట్టే ప్రతినాయకులు గేములలోను, మన చలనచిత్రాలలోను కొల్లలు. వారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

అయితే దండి మార్గంలో ప్రమాదం లేకపోలేదు. భామహుడు దీనిని ముందుగానే ఆక్షేపించాడు. వంశ వీర్య శ్రుతాదులతో ఒకనిని నాయకునిగా ప్రవేశపెట్టి, మరొకని ఉత్కర్ష కోసం అతనినే వధింపరాదన్నాడు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ' చూచినపుడు భామహుని మాట గుర్తుకు రాక తప్పదు. కొండవీటి వెంకటకవి సంభాషణలు, నిమ్మకూరు రామారావు వాచికం కలసి దుర్యోధనునికి ఎంతటి వైభవం కలిగించాయంటే, అతనికి యుగళగీతం కూడ లభించింది. ఆ మయసభా సంభాషణ కంఠతా వచ్చినవారు కృష్ణా జిల్లాలో నేటికీ ఊరికొకరుంటారు. అభినయంగా అది శిఖరం. అందులో సందేహం లేదు. కాని ధనంజయుడు చెప్పిన లుబ్ధత్వం, పాపకారిత్వం ఆ వెలుగులో మరుగునపడిపోయాయి. మిగిలినది అభిమానధనుడు మాత్రమే. సభలో ఏకవస్త్రను ఈడ్పించినవానిని చూచి ప్రేక్షకుడు అయ్యో పాపం అనుకొంటే, తప్పు ప్రేక్షకునిది కాదు. 1961 నాటి రావణుడు అట్లు కాలేదు. నరాలను తంత్రులుగా చేసి వీణ మ్రోగించిన శివభక్తుడే స్వయంవరసభలో గర్వంతో భంగపడతాడు. భక్తి, సంగీతం, పాండిత్యం, ఔద్ధత్యం అన్నీ ఒకే పాత్రలో ఒకదానినొకటి దాచుకోకుండ కనబడతాయి. రెండింటిలో మొదటిదే శాస్త్రసమ్మతం.

యానిమేలలో ఈ దోషం మరొక రూపంలో ప్రబలింది. ప్రతి దుష్టునికీ బాల్యంలో ఒక గాయం చూపిస్తారు. గాయం చూపించడం తప్పు కాదు. జయవిజయుల శాపకథ మనకూ ఉన్నది. కాని ఆ శాపం హిరణ్యకశిపుని పాపానికి క్షమాపత్రం కాలేదు, అతని ముక్తికి ద్వారమైనది. ఈ విషయంలో 'డీమన్ స్లేయర్' మేలైనది. తాంజిరో అనే బాలుడు మరణించే రాక్షసుని పూర్వకథకు కన్నీరు పెడతాడు, కాని కత్తి దించడు. రావణుడు పడిన తరువాత, వైరం మరణంతో తీరిపోయిందని, అతడు తనకు కూడ బంధువేనని, అంత్యక్రియలు జరిపించమని రాముడు విభీషణునికి చెప్పినది ఈ క్రమంలోనే. బాణం ముందు, కరుణ తరువాత.

ఇక శ్రుతం సంగతి. శ్రుతమంటే విద్య, ధాత్వర్థం చేత వినబడినది. రావణునికి శ్రుతం పుష్కలంగా ఉన్నది, శ్రవణం లోపించింది. మారీచుడు చెప్పాడు, వినలేదు. ప్రియం పలికేవారు సులభంగా దొరుకుతారని, హితమైన అప్రియం చెప్పేవాడూ వినేవాడూ దుర్లభులని చెప్పినది ఒక రాక్షసుడే. విభీషణుడు చెప్పాడు, మాల్యవంతుడు చెప్పాడు, కుంభకర్ణుడు సైతం నీతి చెప్పి మందలించిన తరువాతనే యుద్ధానికి వెళ్ళాడు. ఇంతమంది హితవరులు గల రాజు లోకంలో అరుదు. సుందరకాండలో ప్రతి ఓటమి నుండి నేర్చుకొన్నవాడు యుద్ధకాండలో తన ఇంటివారి నుండి నేర్చుకొనలేకపోయినాడు. శత్రుబలం విషయంలో తెరచి ఉన్న చెవి తన కామం విషయంలో మూసుకొన్నది.

మూర్ఖరాక్షసుల కథలు మాత్రమే వింటూ పెరిగిన పిల్లవానికి అధర్మం కోరలతో, కొమ్ములతో వస్తుందని నమ్మకం కుదురుతుంది. ఈనాడు 'డిజిటల్ అరెస్టు' పేరుతో ఫోను చేసి వృద్ధుల పింఛను సొమ్మంతా కాజేసేవాడు కోరలతో రావడం లేదు. తెరపై పోలీసు దుస్తులలో, వెనుక గోడకు అధికారచిహ్నం తగిలించుకొని, చట్టంలోని సెక్షన్లు తడబడకుండ వల్లిస్తూ, మర్యాదగా మాట్లాడతాడు. అతనికి వేషం తెలుసు, భాష తెలుసు, ఎదుటివాని భయం ఎక్కడుందో తెలుసు. అతడు దక్షుడు.

పంచవటిలో రావణుడు వచ్చినదీ అట్లే. పది తలలతో రాలేదు. నిర్మలమైన కాషాయవస్త్రం, శిఖ, గొడుగు, పాదుకలు, ఎడమ భుజాన దండకమండలువులు, నోట వేదఘోష. అతిథి అని, బ్రాహ్మణుడని సీతమ్మ ఆసనమిచ్చి, పాద్యమిచ్చి, భోజనం సిద్ధంగా ఉన్నదని చెప్పింది. ఈ ఘట్టాన్ని నాయనమ్మ మనుమనికి చెప్పవచ్చును; ఫోనులో వచ్చే పోలీసు దుస్తుల మాట మనుమడు నాయనమ్మకు చెప్పవచ్చును. చొక్కా మీద బొమ్మ సంగతి ఆ తరువాత చూసుకొనవచ్చు.